ఆదివారం టోర్నమెంట్‌లో ఏ డెక్ పైకొస్తుందో ముందే పసిగట్టడం ఎలా?

హెచ్‌ఎస్‌ఆర్_కుర్రాడు:

అందరికీ నమస్తే. మాది నెల్లూరు దగ్గర, ఉండేది బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో, పీజీలో. పోకెమాన్ కార్డులు ఆడటం మొదలుపెట్టి ఏడాదిన్నర అయ్యింది (ఒక్కొక్కరూ 60 కార్డుల కట్ట, అంటే డెక్, కట్టుకొచ్చి ఇద్దరిద్దరుగా ఆడే ఆట). వచ్చే ఆదివారం ఇందిరానగర్ వైపు ఒక షాపులో టోర్నమెంట్ ఉంది. 30 మందికి పైనే పేర్లిచ్చారట, 5 స్విస్ రౌండ్లు (ఓడినా ఇంటికి పంపరు, అన్నే గెలిచినవాళ్ళతో మళ్ళీ ఆడిస్తారు), ఆ తర్వాత మొదటి 8 మందికి టాప్ 8. నేను అడగాలనుకుంటున్నది ఒక్కటే, ఏ డెక్‌లు బాగా ఆడతాయో ముందే అంచనా వేయడానికి ఒక పద్ధతంటూ ఉందా?

ఎందుకు అడుగుతున్నానంటే పోయినసారి దీనికోసం పది రోజులు కూర్చున్నాను. ఆఫీసు నుంచి వచ్చి, పీజీలో సాంబారన్నం తినేసి, రోజూ రాత్రి పన్నెండు దాకా లిమిట్‌లెస్ అనే సైట్‌లో పెద్ద టోర్నమెంట్ల రిజల్ట్స్ తిరగేసి, ఏ డెక్ ఎంతమంది పట్టుకొచ్చారు, ఏది దేనిమీద ఎంత శాతం గెలిచింది అని అంతా షీట్‌లోకి ఎక్కించాను. డ్రాగాపల్ట్ ఈఎక్స్, గార్డివార్ ఈఎక్స్ ఎక్కువగా వస్తాయని తేలింది (డెక్‌లో ముఖ్యమైన పోకెమాన్ పేరుతోనే డెక్‌ని పిలుస్తాం). ఆ రెండింటి మీద నా చేతిలో బాగా నడిచేది గోల్డెంగో ఈఎక్స్ కాబట్టి దాన్నే పట్టుకెళ్ళాను. తీరా అక్కడికి వెళ్తే ఎటు చూసినా చారిజార్డ్ ఈఎక్స్. 32 మందిలో 12 మంది దగ్గర అదే, నేను టేబుళ్ళ మధ్య తిరిగి మరీ లెక్కపెట్టాను.

ఆడినవాళ్ళకి తెలుస్తుంది ఆ ఇబ్బంది. చారిజార్డ్‌కి 330 హెచ్‌పీ, అంటే అంత దెబ్బ తగిలితేగానీ పడదు. గోల్డెంగో చేతిలోని ఒక్కో ఎనర్జీ కార్డు పారేస్తే 50 కొడుతుంది, అంటే ఒక్క దెబ్బకి పడగొట్టాలంటే చేతిలో 7 ఎనర్జీలు ఉండాలి. ఒకసారి పడగొట్టాను, రెండోసారికి చేయి ఖాళీ. పైగా చారిజార్డ్ దెబ్బ మనం తీసుకున్న ప్రైజుల్ని (ఎదుటి పోకెమాన్‌ని పడగొట్టినప్పుడు తీసుకునే కార్డులు, ఆరూ తీసుకుంటే గెలుపు) బట్టి పెరుగుతుంది, 180కి తోడు ప్రైజుకి 30. నేను మూడు తీసుకున్నాననుకోండి, వాళ్ళది 270 అయిపోతుంది, నా గోల్డెంగో 260తో నిలబడదు. మూడో రౌండ్‌లో సరిగ్గా ఇదే జరిగింది, గెలుస్తున్నాననుకున్న ఆట నేను ప్రైజు తీసుకున్న కొద్దీ చేజారిపోయింది. చివరికి ఒకటి గెలిచి నాలుగు ఓడాను.

ఈసారి మళ్ళీ అదే షీట్ పట్టుకోవాలంటే భయంగా ఉంది. వదిలేయాలా, లేక నేను చూడాల్సింది ఇంకేదైనా ఉందా? కాస్త తెలిసినవాళ్ళు చెప్పండి.


లెక్కల_మనిషి:

తమ్ముడూ, షీట్ వదిలేయకు. నువ్వు అమెరికాలోనో యూరప్‌లోనో జరిగిన టోర్నమెంట్ గదిని ఇందిరానగర్ గది మీద అతికించావు, అక్కడ వచ్చింది చిక్కు.

నేను చేసేది చెప్తాను. ఒక డెక్ గెలుపు శాతం ఎంత అని అడిగితే, ఎవరి మీద అని తిరిగి అడగాలి. ఉట్టి ఉదాహరణకి ఒక డెక్ అనుకుందాం, చారిజార్డ్ మీద 35 శాతం, డ్రాగాపల్ట్ మీద 60, గార్డివార్ మీద 50, రేజింగ్ బోల్ట్ మీద 55, మిగతావాటి మీద 55. ఇప్పుడు 30 మంది ప్రత్యర్థుల్లో 10 డ్రాగాపల్ట్, 6 గార్డివార్, 4 రేజింగ్ బోల్ట్, 2 చారిజార్డ్, 8 మిగతావి ఉన్నాయనుకో. ఒక్కోదాన్నీ దాని సంఖ్యతో గుణించి కూడి 30తో భాగిస్తే 54 శాతం వస్తుంది. మంచి డెక్ అన్నట్టే. అదే 30 మందిలో 12 చారిజార్డ్, 4 డ్రాగాపల్ట్, 3 గార్డివార్, 2 రేజింగ్ బోల్ట్, 9 మిగతావి పెట్టి చూడు, 47కి పడిపోతుంది. డెక్‌లో ఒక్క కార్డు మార్చలేదు, ఆడేవాడు మారలేదు. నీకు జరిగింది ఇదే.

ఇంకో సంగతి, ఇది చాలామంది పట్టించుకోరు. నీ షీట్‌లో ఒక మ్యాచప్‌కి, అంటే ఒక డెక్ ఇంకో డెక్ మీద, ఎన్ని ఆటలున్నాయి? 20 ఆటల్లో 12 గెలిస్తే 60 శాతం అని రాసేసుకుంటాం, కానీ 20 ఆటలకి ఆ అంకె అసలు విలువ 40 దగ్గరైనా ఉండొచ్చు, 80 దగ్గరైనా ఉండొచ్చు. 100 ఆటలకి కూడా అటూ ఇటూ 10 శాతం తేడా ఉంటుంది. 400 ఆటలైతే 5. కాబట్టి 52, 54 అని పోల్చుకుని డెక్ మార్చేయడం అనవసరం, రెండూ ఒకటే అనుకో. 35, 65 లాంటి పెద్ద తేడాల్ని మాత్రమే నమ్ము.

ఫోన్‌లో పోకెమాన్ లైవ్ యాప్‌లో ర్యాంక్ ఆటలు ఆడి ఆ అంకెలు కలిపావేమో కూడా చూసుకో. అక్కడ ఒక్క ఆటే. టోర్నమెంట్‌లో ఒక్కో మ్యాచ్‌కి మూడు ఆటల్లో రెండు గెలవాలి, 50 నిమిషాల్లో. ఒక ఆటలో 60 శాతం గెలిచే డెక్, మూడు ఆటల్లో రెండు అనే లెక్కకి వచ్చేసరికి దాదాపు 65 అవుతుంది. బలమైనది ఇంకాస్త బలపడుతుంది, బలహీనమైనది ఇంకాస్త నీరసపడుతుంది.

చివరగా, ఒక్క ఆదివారం చూసి నీ అంచనా తప్పని తేల్చేసుకోకు. ప్రతి మ్యాచ్‌నీ 60 శాతం అవకాశంతో గెలిచే మనిషి కూడా 5 రౌండ్లలో 4 గానీ 5 గానీ గెలవడం మూడుసార్లలో ఒకసారే జరుగుతుంది, సరిగ్గా చెప్పాలంటే 34 శాతం. అచ్చంగా 50 శాతం ఆడేవాడికి అది 19. మంచి డెక్‌కీ మామూలు డెక్‌కీ ఒక రోజులో కనిపించే తేడా ఇంతే. అందుకే గెలిచిన డెక్ ఏదని చూడటం కంటే, గదిలో 20 శాతం ఉన్న డెక్ టాప్ 8లో ఎంత ఉందని చూడటం మేలు. 20 శాతం మంది పట్టుకొచ్చిన డెక్ టాప్ 8లో ఒక్కటే ఉంటే దాని గురించి ఆలోచించాల్సిందే.


మదనపల్లె_అన్న:

లెక్కల గారు చెప్పింది బాగుంది, కానీ ఆ 12, 4, 3 అనే అంకెలు ఎక్కడినుంచి తెస్తాం అన్నది అసలు ప్రశ్న కదా. నేను దానిమీద మాట్లాడతాను.

మా ఊరు మదనపల్లె. టమాటా సంగతి చిన్నప్పటినుంచి చూస్తున్నాను. ఒక సీజన్‌లో ధర బాగా పలికిందనుకోండి, ఆ వార్త విని చుట్టుపక్కల ఊళ్ళన్నీ, ఇటు కోలారు దాకా అందరూ టమాటా నాటుతారు. కోతకొచ్చేసరికి మార్కెట్ యార్డ్ నిండిపోతుంది, ధర పడిపోతుంది. నాటినవాడిది తెలివితక్కువతనమేం కాదు, అతను చూసింది నిజమైన ధరే. కాకపోతే అదే ధరని పక్కవాడూ చూశాడు. డెక్‌లు కూడా అచ్చం ఇలాగే. పోయిన నెల ఏది గెలిచిందో నీకు తెలుసు, నీ ఎదురుగా కూర్చునేవాడికీ తెలుసు, దానికి విరుగుడు కార్డులు రెండు డెక్‌లో పెట్టుకునే వస్తాడు. తాడిని దన్నేవాడుంటే వాడి తల దన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. నువ్వు ఎన్ని మెట్లు ముందుకి ఆలోచించాలి అనేది ఆ గదిలోవాళ్ళు ఎన్ని మెట్లు ఆలోచిస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది, అంతకంటే ఒక్క మెట్టు ఎక్కువైతే చాలు, రెండెక్కితే నువ్వు పోయినసారి గోల్డెంగోతో పడ్డట్టే పడతావు.

2024లో పోకెమాన్ ప్రపంచ పోటీ, వరల్డ్స్, హోనొలులులో జరిగింది గుర్తుందా? చిలీ నుంచి వచ్చిన ఫెర్నాండో సిఫుయెంతెస్ ఐరన్ థార్న్స్ ఈఎక్స్‌తో గెలిచాడు. ఆ కార్డు కొట్టే దెబ్బ 140, అదేమంత గొప్ప కాదు. దాని బలమంతా ఎబిలిటీలో, అంటే కొట్టకుండానే పనిచేసే శక్తిలో ఉంది. అది ముందు వరసలో నిలబడి ఉన్నంతసేపూ రూల్ బాక్స్ ఉన్న (ఈఎక్స్, విస్టార్ లాంటి పెద్ద) పోకెమాన్‌ల ఎబిలిటీలు పనిచేయవు, ఫ్యూచర్ అని రాసి ఉన్న పోకెమాన్‌లకి తప్ప. అప్పట్లో రెజిడ్రాగో విస్టార్, లుగియా విస్టార్ లాంటివి బాగా తిరుగుతున్నాయి, రెజిడ్రాగోకి లెగసీ స్టార్, లుగియాకి సమనింగ్ స్టార్, రెండూ ఎబిలిటీలే. వాళ్ళ ఇంజిన్ తాళం తీయకముందే ఆపేసినట్టు. ఐరన్ థార్న్స్ ఇంకో ఏడాదిలో, ఇంకో గదిలో అంతలా ఆడేదని నేననుకోను. ఆ వారం ఆ గదికి సరిపోయింది. డెక్ బలం ఎంత అని ఎవరైనా అడిగినప్పుడల్లా నాకు ఆ ఫైనలే గుర్తొస్తుంది.

సరే, మన గది సంగతికి వద్దాం. బెంగళూరులో నేను నాలుగేళ్ళుగా ఆడుతున్నాను, నేను చూసేవి చెప్తాను. శనివారం సాయంత్రం షాపుకి వెళ్ళు. ఏమీ కొనక్కర్లేదు, ఊరికే రెండు ఆటలు ఆడు. కౌంటర్ దగ్గర ఎవరు ఏ విడి కార్డులు అడుగుతున్నారో చెవికి పడుతుంది. పోయినసారి శనివారం నేను అక్కడుండగా ముగ్గురు వేర్వేరు కుర్రాళ్ళు వచ్చి రేర్ క్యాండీ ఉందా అని అడిగారు, నాలుగోవాడు చార్మాండర్ కావాలన్నాడు. చార్మాండర్‌ని మధ్య మెట్టు దాటించి నేరుగా చారిజార్డ్ చేసే కార్డే రేర్ క్యాండీ. నాకు అప్పుడే అర్థమైంది తెల్లారి ఏం రాబోతోందో. చారిజార్డ్ ఈఎక్స్‌కి రెడీమేడ్ లీగ్ బ్యాటిల్ డెక్ కూడా ఉంది, డబ్బా కొని నాలుగైదు కార్డులు మారిస్తే టోర్నమెంట్‌కి వచ్చేయొచ్చు. మన దగ్గర విడి కార్డులు దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. కాలేజీ కుర్రాడు పెద్ద టోర్నమెంట్‌లో గెలిచిన లిస్ట్ చూసి వారంలో డెక్ కట్టలేడు, చేతిలో ఉన్నదే తెస్తాడు. కాబట్టి ఆన్‌లైన్ మెటా, అంటే అక్కడ ఎక్కువగా ఆడే డెక్‌లు, మన గదికి చేరేసరికి ఆలస్యం అవుతుంది, ఒక్కోసారి చేరనే చేరదు.

మనుషుల్ని గుర్తుపెట్టుకో. మన గదిలో 30 మందిలో 18, 20 మంది ప్రతిసారీ వచ్చేవాళ్ళే. గడ్డం అన్న ఎప్పుడూ గార్డివారే, మారతహళ్ళి నుంచి వచ్చే ఇద్దరు అన్నదమ్ములు ఒకే డెక్ రెండు కట్టుకుని వస్తారు. పేర్లు రాసుకుని పక్కన పోయిన మూడుసార్లు ఏం ఆడారో రాయి. నీ పది రాత్రుల షీట్ కంటే ఆ ఒక్క పేజీ ఎక్కువ పనికొస్తుంది.


పాత_మ్యాజిక్_మనిషి:

అన్న చెప్పినదాంట్లో చాలావరకు నేనూ ఒప్పుకుంటాను, కానీ టమాటా పోలిక అన్నిచోట్లా చెల్లదు, అది చెప్పకపోతే ఈ కుర్రాడు ఇంకోవైపు పడిపోతాడు.

నేను మ్యాజిక్ అనే ఇంకో కార్డు ఆట ఆడతాను. 2024 జూన్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రో టూర్ అనే పెద్ద పోటీ జరిగింది, మోడర్న్ ఫార్మాట్ (ఏ కార్డులు వాడొచ్చో చెప్పే పద్ధతుల్లో ఒకటి). నాడు అనే పక్షి కార్డు చుట్టూ కట్టిన డెక్ బలమైనదని వచ్చినవాళ్ళందరికీ ముందే తెలుసు. ఎక్కువమంది తెచ్చిందీ అదే. మిగతావాళ్ళు దానికి విరుగుళ్ళు పెట్టుకుని వచ్చారు. అయినా గెలిచింది నాడూనే, డెన్మార్క్ ఆటగాడు సైమన్ నీల్సన్ చేతిలో. ఆగస్టులో ఆ కార్డుని మోడర్న్‌లో నిషేధించారు. అంతకుముందు 2016 ఫిబ్రవరిలో అట్లాంటా ప్రో టూర్‌లో ఎల్‌డ్రాజీ డెక్‌లు టాప్ 8లో ఆరు స్థానాలు తీసుకున్నాయి, అక్కడేమో చాలామంది దానికి సిద్ధపడి రాలేదు, రెండుమూడు టీములు మాత్రం ఇంటి దగ్గరే దాన్ని పట్టుకున్నాయి.

ఒకచోట అందరికీ తెలిసి గెలిచింది, ఇంకోచోట చాలామందికి తెలియక గెలిచింది. కాబట్టి విరుగుడు ఉంది కదా అని ఆగకుండా ఆ విరుగుడు ఎంత గట్టిగా పనిచేస్తుందో ఆడి చూడాలి. నా పద్ధతి ఇది. విరుగుడు కార్డులు పెట్టిన డెక్‌తో ఆ పెద్ద డెక్ మీద పది ఆటలు ఆడతాను, విరుగుడు చేతికొచ్చిన ఆటలు వేరుగా, రాని ఆటలు వేరుగా రాస్తాను. చేతికొచ్చినా సగం ఓడిపోతున్నానంటే అది విరుగుడు కానట్టే, ఆ కార్డు తీసేసి నేను కూడా ఆ పెద్ద డెక్కే ఆడతాను.

మా తాతగారు భీమవరం మనిషి. సంక్రాంతికి డేగ, కాకి, నెమలి అని పుంజుల రంగులు చూసి, ఏ రోజు ఏ రంగు దేనిమీద నెగ్గుతుందో గుక్క తిప్పుకోకుండా చెప్పే పెద్దవాళ్ళని చిన్నప్పుడు చూశాను. మ్యాచప్ పట్టికలు చూసినప్పుడల్లా వాళ్ళే గుర్తొస్తారు. రంగు ఒకటే అయినా పుంజుని ఎలా మేపారు, ఎంత తయారు చేశారు అనేది ఆ పట్టికలో ఉండదు.


జయనగర్_అక్క:

నేను ఆడను, మా అబ్బాయి ఆడతాడు, పదకొండేళ్ళు, జూనియర్స్‌లో. రెండేళ్ళుగా వాడిని తీసుకెళ్ళి మధ్యాహ్నం దాకా కూర్చుని చూస్తూ ఉంటాను కాబట్టి నాకు కనిపించింది చెప్తాను.

ఎవరు ఏ డెక్ తెచ్చారనేదానికంటే ఎవరు తమ డెక్‌ని ఎంతకాలంగా ఆడుతున్నారనేది చూడు నాన్నా. చివరిదాకా గెలుస్తూ మిగిలేవాళ్ళని గమనించాను, ఆట మొదలైన నిమిషంలో డెక్ మొత్తం ఒకసారి వెతికి, ప్రైజుల్లో ఏం పడిందో చెప్పేస్తారు. మా వాడు మొదట్లో అది చూసేవాడు కాదు. ఏస్ స్పెక్ అనే బలమైన కార్డు డెక్‌లో ఒక్కటే ఉంటుంది కదా, 60 కార్డుల్లో 6 ప్రైజులకి పోతాయి, అంటే పది ఆటల్లో ఒకసారి ఆ కార్డు ప్రైజుల్లోనే ఉంటుంది. వాడు దానికోసం ఎదురుచూస్తూ రెండు టర్న్‌లు వృథా చేసుకుని ఏడ్చిన రోజు ఉంది. ఇప్పుడు మొదట డెక్ వెతికే అవకాశం రాగానే వేలితో లెక్కపెడతాడు, పెదాలు కదులుతుంటాయి.

టైమ్ సంగతి కూడా లెక్కలో వేసుకో. 50 నిమిషాలు చాలా తక్కువ. గెలిస్తే 3 పాయింట్లు, టై అయితే 1. నెమ్మదిగా లాగే డెక్ కాగితం మీద ఎంత బాగున్నా ఒక రెండు టైలు అయితే టాప్ 8 పోయినట్టే. కొత్త డెక్‌తో ఆలోచిస్తూ ఆడితే నీకే టైమ్ చాలదు. చేయి తిరిగిన డెక్ తీసుకో.

ఆదివారం పొద్దున ఇంట్లో ఏమైనా తినేసి వెళ్ళు, మూడో రౌండ్ దగ్గర పిల్లలే కాదు పెద్దవాళ్ళు కూడా ఆకలికి తప్పులు చేస్తారు.


హెచ్‌ఎస్‌ఆర్_కుర్రాడు:

అందరికీ చాలా థ్యాంక్స్, రెండుసార్లు చదివాను. అన్నా, మీరు చెప్పినట్టు పేర్ల పేజీ మొదలుపెట్టాను, 17 మంది గుర్తొచ్చారు. వాళ్ళలో 7 చారిజార్డ్, 3 డ్రాగాపల్ట్, 2 గార్డివార్, ఒకటి రేజింగ్ బోల్ట్, మిగతా నలుగురు ప్రతిసారీ మారుస్తారు. మొత్తం గదిలో 10 చారిజార్డ్ ఉంటాయని అనుకుంటున్నాను.

నా దగ్గర డ్రాగాపల్ట్ కూడా ఉంది, నిజానికి గోల్డెంగో కంటే దాన్నే ఎక్కువకాలం ఆడాను. ఇప్పుడు ఆలోచిస్తుంటే దాంట్లో బడ్యూ రెండు పెడితే చారిజార్డ్‌వాళ్ళకి ఇబ్బందే కదా? బడ్యూ ఎనర్జీ లేకుండా కొట్టగలదు, కొడితే ఎదుటివాళ్ళు తర్వాతి టర్న్‌లో ఐటమ్ రకం కార్డులు ఆడలేరు. రేర్ క్యాండీ ఐటమ్. చార్మాండర్ చార్మాండర్‌గానే ఉండిపోతుంది. నాకు క్యాండీ రాకపోయినా మధ్య మెట్టు డ్రాక్‌లోక్ మీదుగా నెమ్మదిగా ఎక్కొచ్చు. ముందు ఆడేవాళ్ళు మొదటి టర్న్‌లో కొట్టకూడదు కాబట్టి టాస్ గెలిస్తే రెండో ఆడతానని చెప్పాలనుకుంటున్నాను. ఇది సరైన ఆలోచనేనా?


మదనపల్లె_అన్న:

సరైనదే. ఇప్పుడు నువ్వు గదిని చూసి మాట్లాడుతున్నావు. ఒక్క జాగ్రత్త, గార్డివార్‌వాళ్ళని బడ్యూతో ఆపగలనని నమ్ముకోకు. వాళ్ళ దగ్గర టెక్నికల్ మెషీన్ ఎవల్యూషన్ ఉంటుంది. అది టూల్ కార్డు, ఐటమ్ కింద రాదు. బడ్యూ కొట్టినా తగిలించుకుని, ఒక్క ఎనర్జీతో బెంచ్ (వెనక వరస) మీద రెండిటిని ఎవాల్వ్ చేసేస్తారు, అంటే పై మెట్టుకి ఎక్కించేస్తారు.

ఇంకొకటి, నీ డ్రాగాపల్ట్ బెంచ్ మీద పెట్టే 6 కౌంటర్లు (ఒక్కోటి 10 దెబ్బకి గుర్తు) డ్యామేజ్ కింద రావు, ఎటాక్ ఎఫెక్ట్ కింద వస్తాయి. డ్యామేజ్‌ని మాత్రమే ఆపే కార్డులు వాటిని ఆపలేవు. రాబ్స్కా అనే పోకెమాన్ ఆపుతుంది, దాని ఎబిలిటీలో డ్యామేజ్, ఎఫెక్ట్స్ రెండూ అని రాసి ఉంటుంది. ఎదుటివాడి బెంచ్ మీద రాబ్స్కా కనిపిస్తే కార్డు తీసి చదువు, సిగ్గుపడకు.


లెక్కల_మనిషి:

నువ్వు రాసిన 17 మందితో పాటు తెలియని 15 మందిని కూడా ఏదో ఒక లెక్కన పంచుకో, అందరూ తెలిసినవాళ్ళలాగే ఆడతారని అనుకోకు. కొత్తవాళ్ళు ఎక్కువగా రెడీమేడ్ డెక్‌లు తెస్తారు. ఆదివారం వెళ్ళేముందు నీ అంచనా కాగితం మీద రాసి ఫోటో తీసి పెట్టుకో. అయిపోయాక నాకు ముందే తెలుసు అని మన మనసు మనకే చెప్తుంది, ఆ ఫోటో ఉంటే అలా జరగదు.

32 మందిలో టైలు లేకపోతే 5 రౌండ్లయ్యాక 5-0 ఒక్కరు, 4-1 అయిదుగురు, 3-2 పదిమంది ఉంటారు. అంటే ఆ పదిమందిలో ఇద్దరికే టాప్ 8లో చోటు. 3-2 అయినవాళ్ళకి వాళ్ళ ప్రత్యర్థులు ఎంత బాగా ఆడారన్నది చూస్తారు. మొదటి రౌండ్‌లోనే ఓడిపోతే ఆ లెక్కలో వెనకబడతావు, ఎందుకంటే ఆ తర్వాత ఓడినవాళ్ళతోనే ఆడతావు.


హెచ్‌ఎస్‌ఆర్_కుర్రాడు:

ఆదివారం రాత్రి రాస్తున్నాను. సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ముప్పావు గంట ఇరుక్కుని ఇప్పుడే వచ్చాను, మర్చిపోకముందే రాసేస్తాను.

33 మంది పేర్లిచ్చారు, ఒకరు రాలేదు, సరిగ్గా 32. నా కాగితం మీద 10 చారిజార్డ్, 6 డ్రాగాపల్ట్, 4 గార్డివార్, 3 రేజింగ్ బోల్ట్. నిజంగా వచ్చినవి 8 చారిజార్డ్, 5 డ్రాగాపల్ట్, 6 గార్డివార్, 2 రేజింగ్ బోల్ట్, 3 గోల్డెంగో, మిగతావి చిల్లర. గార్డివార్ దగ్గర తప్పాను. మారతహళ్ళి అన్నదమ్ములు ఈసారి ఇద్దరూ గార్డివార్ తెచ్చారు, పోయినసారి వాళ్ళని చారిజార్డ్ కింద రాసుకున్నాను. మిగతాది దగ్గరదగ్గరగా ఉంది.

3-2 అయ్యాను, తొమ్మిదో స్థానం. రెండు చారిజార్డ్‌లు, ఒక రేజింగ్ బోల్ట్ మీద గెలిచాను. ఓడిన రెండూ గార్డివార్ మీదే, అన్న చెప్పినట్టే. రెండో రౌండ్‌లో బడ్యూ పనిచేసిన ఆట ఒకటి చెప్పాలి. ఎదురుగా కూర్చున్న అబ్బాయి చేతిలో ఏడు కార్డులు, నేను టాస్ గెలిచి రెండో ఆడతానన్నాను. మొదటి టర్న్‌లో బడ్యూతో కొట్టాను. అతను కార్డు తీసుకుని చేయి మొత్తం చూసి, ఒక్కొక్కటి వేలితో అటు జరిపి ఇటు జరిపి, ఎనర్జీ ఒకటి తగిలించి పాస్ అన్నాడు. అలా మూడు టర్న్‌లు. ఆట అయ్యాక చేయి చూపించాడు, రెండు రేర్ క్యాండీలు, ఒక అల్ట్రా బాల్, ఒక నెస్ట్ బాల్ (ఇవన్నీ ఐటమ్‌లే), చారిజార్డ్ కూడా అక్కడే ఉంది. అన్నీ చేతిలోనే ఉండి ఏదీ ఆడలేకపోయాడు. చేయి కలిపి వెళ్ళాడు, బాధేసింది కానీ నా కాగితం నిజమైనందుకు సంతోషం కూడా వేసింది.

నాలుగో రౌండ్‌లో ఏస్ స్పెక్ ప్రైజుల్లో పడింది. అక్క చెప్పింది గుర్తొచ్చి మొదటిసారి డెక్ వెతికినప్పుడే లెక్కపెట్టాను, లేదని తెలిసిపోయింది, దాన్ని నమ్ముకోకుండా ఆడాను. ఓడిపోయాను, కానీ మూడో ఆట చివరి ప్రైజు దాకా లాగాను.

గెలిచింది గార్డివారే, గడ్డం అన్న. ఏడాదికి పైగా అదే డెక్. ఫైనల్‌లో ఆయన చేయి కదలడం చూడాలి, ఏ ఎనర్జీ ఎక్కడ పెడితే ఎన్ని కౌంటర్లు పడతాయో ఆలోచించడానికి ఆగనే లేదు.

వచ్చే నెలకి ఇప్పటినుంచే పేజీ రాస్తున్నాను. గార్డివార్ గెలిచింది కాబట్టి ఇంకో ఇద్దరు ముగ్గురు దానికి మారతారేమో అనిపిస్తోంది, 8 అని రాశాను, ఎక్కువైందా అన్నా? ఇంకో చిన్న సాయం కావాలి. మొదటి రౌండ్ ఆడుతూ మొత్తం 16 టేబుళ్ళూ లెక్కపెట్టడం ఒక్కడివల్ల కావట్లేదు. మీలో ఎవరైనా వస్తే కిటికీ వైపు వరస మీరు చూడండి, తలుపు వైపు వరస నేను చూస్తాను.


జయనగర్_అక్క:

కిటికీ వరస నేను చూస్తాలే. మా వాడు ఆడుతున్నంతసేపూ నాకు ఎలాగూ అదే పని. డెక్‌ల పేర్లు అన్నీ నాకు తెలియవు, తెలియనివి బొమ్మ ఎలా ఉందో రాసిపెడతాను, నువ్వు పేరు పెట్టుకో.